పికప్ బండి బ్రేకులు కీచుమంటుంటే

బ్రేకులు కూస్తున్నాయనగానే కొత్త ప్యాడ్లు కొనడం చాలామందికి అలవాటు. కానీ దుకాణానికి వెళ్లే ముందు ఆ చప్పుడు ఎప్పుడు వస్తోందో, ఏ చక్రం నుంచి వస్తోందో ఒక రోజంతా చెవిపెట్టి వింటే, విప్పవలసిన చోటు ముందే తెలిసిపోతుంది. బొలెరో పికప్, దోస్త్ వంటి బండ్లకు ముందు చక్రాలకు డిస్క్ బ్రేకులు, వెనుక చక్రాలకు డ్రమ్ము బ్రేకులు ఉంటాయి కనుక చప్పుడు ముందుదో వెనుకదో తేల్చుకుంటేనే సగం పని అయినట్లు.

రాత్రంతా వానలో తడిసిన బండి ఉదయం మొదటి నాలుగైదు బ్రేకులకు కీచుమని, ఆ తర్వాత ఊరుకుంటే అది డిస్కు మీద పట్టిన పలుచని తుప్పు మాత్రమే. దాని జోలికి పోనక్కరలేదు. బ్రేకు తొక్కకపోయినా సన్నగా కూస్తూ, పెడల్ మీద కాలు మోపగానే ఆ కూత మారినా ఆగినా, ప్యాడ్ అరిగిపోయి దానికి అమర్చిన చిన్న ఉక్కు రేకు డిస్కును గీకుతోందని అనుమానించాలి. ప్యాడ్ మందం ఇంచుమించు 2, 3 మిల్లీమీటర్లకు దిగినప్పుడు హెచ్చరించడానికే ఆ రేకును పెడతారు. అన్ని ప్యాడ్లకూ అది ఉండదు కాబట్టి, కూత లేనంత మాత్రాన ప్యాడ్లు బాగున్నట్లు కాదు. కీచుమనడం పోయి గరగరమంటే ఇనుము ఇనుమును కోస్తున్నట్లే. ఆ బండికి లోడు ఎత్తకూడదు. కంకర రోడ్డు మీద వచ్చిన తర్వాత హఠాత్తుగా మొదలైన గీకుడు మాత్రం డిస్కుకూ దాని వెనుక రేకుకూ నడుమ ఇరుక్కున్న చిన్న రాయి వల్ల కావచ్చు.

విప్పడానికి బండిని చదునైన గట్టి నేల మీద నిలిపి, ఎత్తని చక్రాలకు ముందూ వెనుకా అడ్డు పెట్టాలి. చక్రం నేల మీద ఉండగానే నట్లు కొద్దిగా వదులు చేసి, జాకీతో ఎత్తి, ఆ బరువును తప్పనిసరిగా స్టాండు మీదికి దించాలి. జాకీని గాని, పేర్చిన ఇటుకలను గాని నమ్మి బండి కిందికి చేయి పెట్టకూడదు. పాత లైనర్ల (బ్రేకుల్లో రాపిడికి అరిగే పొరల) పొడిలో ఆస్బెస్టాస్ ఉండవచ్చు గనుక దాన్ని నోటితోగాని గాలి పైపుతోగాని ఊదకుండా, బ్రేక్ క్లీనర్‌తో తడిపి గుడ్డతో తుడవాలి.

ముందు చక్రం తీసిన తర్వాత మొదట చూడవలసింది లోపలి ప్యాడ్, బయటి ప్యాడ్ సమానంగా అరిగాయా అన్నది. టమాటా ట్రేలు మోసే ఒక పికప్‌కు రెండుసార్లు కొత్త ప్యాడ్లు వేయించినా కూత పోలేదని నా దగ్గరికి తెచ్చారు. విప్పి చూస్తే లోపలి ప్యాడ్ 3 మిల్లీమీటర్లు, బయటిది 7 మిల్లీమీటర్లు ఉంది. ప్యాడ్లను డిస్కుకు నొక్కే క్యాలిపర్ జారవలసిన రెండు పిన్నుల్లో కిందిది రబ్బరు తొడుగు చిరిగి, లోపలికి నీరు దిగి, తుప్పుతో బిగుసుకుపోయింది. చేత్తో లాగితే రాలేదు, తిప్పుతూ తిప్పుతూ లాగితే ఎర్రటి పొడితో బయటికి వచ్చింది. పిన్ను మార్చి, కొత్త తొడుగు వేసి, బ్రేకుల కోసమే అమ్మే వేడిని తట్టుకునే సిలికాన్ గ్రీజు పలుచగా రాశాక ఆ కూత పోయింది. చక్రాల బేరింగులకు వాడే మామూలు గ్రీజు ఇక్కడ పనికిరాదు, అది రబ్బరును ఉబ్బిస్తుంది.

క్యాలిపర్‌ను విప్పినప్పుడు దాన్ని బ్రేక్ పైపుకు వేలాడనీయకుండా తీగతో కట్టాలి. క్యాలిపర్‌లో ప్యాడ్‌ను నెట్టే పిస్టన్‌ను వెనక్కి నొక్కే ముందు బ్రేక్ ఆయిల్ ఉండే పైడబ్బా మూత తీసి చూడాలి. ఆయిల్ పొంగి రంగు మీద పడితే రంగు ఊడుతుంది. ప్యాడ్ ముఖం అద్దంలా మెరుస్తుంటే అది వేడికి గడ్డకట్టిందన్నమాట. ఘాట్ రోడ్డు దిగేటప్పుడు తక్కువ గేరు వేయకుండా బ్రేకు మీదే కాలు ఉంచి వచ్చే బండ్లలో ఇది మామూలు. మందం తగినంత ఉంటే 80 నంబరు ఎమెరీ కాగితంతో ఆ మెరుపు పోయేలా రుద్దవచ్చు, లేకుంటే ఇరువైపులా మార్చాలి. డిస్కు మీద గాడులు పడితే లేత్‌లో చెక్కించే ముందు, దాని మందాన్ని కొలిచి, డిస్కు మీదే ముద్రించి ఉండే కనీస మందంతో సరిచూడాలి.

వెనుక డ్రమ్ము ఊడాలంటే హ్యాండ్ బ్రేకు వదలాలి. అందుకే ముందు చక్రాల అడ్డు ముఖ్యం. డ్రమ్మును లోపలి నుంచి ఒరుసుకుని ఆపే షూలు ఆనుకుని కదిలే ఉబ్బెత్తు చోట్లు వెనుక ప్లేటు మీద ఉంటాయి. అవి ఎండి అరిగితే పెడల్ తొక్కినప్పుడల్లా కిర్రుమంటాయి. శుభ్రం చేసి, లైనర్‌కు అంటకుండా చుక్కంత గ్రీజు పెడితే చాలు. షూలను నెట్టే వీల్ సిలిండర్ తొడుగును మెల్లగా ఎత్తి చూసి తడి కనిపిస్తే సిలిండర్ కారుతున్నట్లు, గేర్ ఆయిల్ వాసన వస్తే యాక్సిల్ సీల్ పోయినట్లు. ముందు ఆ కారుడు ఆపి, తడిసిన షూలను రెండు వైపులా మార్చాలి. పెట్రోలు పోసి కాల్చి మళ్లీ బిగించే అలవాటు కొన్ని షెడ్లలో ఇంకా ఉంది, దానికి ఒప్పుకోవద్దు. కూత పోవడానికి డిస్కు మీద ఆయిల్ చల్లడం అంతకంటే ప్రమాదం, ఎందుకంటే చప్పుడుతో పాటు బ్రేకు కూడా పోతుంది.

అంతా బిగించాక బండి కదపక ముందే పెడల్ గట్టిపడేదాకా పలుమార్లు తొక్కాలి, లేకపోతే మొదటి బ్రేకు పడదు. కొత్త ప్యాడ్లు వేసి ఉంటే ఖాళీ రోడ్డు మీద గంటకు 50 కిలోమీటర్ల నుంచి 15కు, పూర్తిగా ఆపకుండా, మధ్యలో అర నిమిషం చల్లారనిస్తూ ఓ పదిసార్లు వేగం తగ్గించాలి. చక్రాల నట్లను ఎదురెదురుగా బిగించి, 50, 100 కిలోమీటర్లు తిరిగాక లోడు ఎత్తే ముందు మరొకసారి స్పానర్ వేసి చూడాలి.