గ్రిడ్ టై ఇన్వర్టర్‌ను మొదటిసారి లైన్‌కు కలిపే ముందు

గ్రిడ్ టై ఇన్వర్టర్ డీసీని ఏసీగా మార్చి విద్యుత్ గ్రిడ్‌లోకి పంపుతుంది. గ్రిడ్‌లో కరెంటు పోగానే మీ ఇన్వర్టర్ కూడా ఆగుతోందా? అన్నిటికన్నా ముందు ఇదే చూడండి. ఆగకపోతే, సరఫరా లేదనుకుని తీగ పట్టుకున్న లైన్‌మన్ ప్రాణం పోతుంది. గ్రిడ్‌కు కలిపే పరికరాల కోసం ఉన్న ఐఇఇఇ 1547 ప్రమాణం ప్రకారం ఇన్వర్టర్ 2 సెకన్లలోపు గ్రిడ్ నుంచి విడిపోవాలి. లోడ్‌ను ఇన్వర్టర్ ఇచ్చే పవర్‌కు సరిగ్గా సమానంగా పెట్టి పరీక్షించండి. వోల్టేజీ, ఫ్రీక్వెన్సీ పెద్దగా కదలని ఆ స్థితిలోనే మామూలు రక్షణ మోసపోతుంది.

ఇన్వర్టర్‌ను గ్రిడ్‌కు కలిపే స్విచ్ అయిన రిలేను కలిపే ముందు, ఇన్వర్టర్ ఫేజ్ గ్రిడ్ ఫేజ్‌తో సరిపోతోందో చూడండి. 230 వోల్టుల లైన్‌లో పీక్ 325. ఫేజ్ తిరగబడి ఉంటే రిలే కొసల మధ్య 650 దాకా వస్తుంది, ఇన్వర్టర్ బ్రిడ్జిలో స్విచ్‌లుగా పనిచేసే ట్రాన్సిస్టర్లు, అంటే మాస్‌ఫెట్లు, పేలిపోతాయి.

డీసీ బస్ (బ్రిడ్జికి డీసీ అందించే, కెపాసిటర్ ఉన్న లైన్) 380–400 వోల్టులకు చేరాకే రిలే కలవాలి. 325 కన్నా తక్కువుంటే మాస్‌ఫెట్ల లోపలే ఉండే బాడీ డయోడ్ల గుండా గ్రిడ్ కరెంటు కెపాసిటర్‌లోకి దూసుకొస్తుంది.

ఆసిలోస్కోప్ గ్రౌండ్ క్లిప్ బ్రిడ్జికి తగిలించొద్దు, ఎర్త్‌కు షార్ట్ అవుతుంది. ఎర్త్‌తో సంబంధం లేకుండా రెండు చోట్ల మధ్య వోల్టేజీ కొలిచే డిఫరెన్షియల్ ప్రోబ్ వాడండి.

తొలి పరీక్ష ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్, కరెంటును అదుపులో ఉంచే సిరీస్ బల్బుతోనే.

ఆపాక బస్‌ను మీటరుతో కొలిచాకే చెయ్యి పెట్టండి. 470 మైక్రోఫారడ్ కెపాసిటర్‌కు ఛార్జిని ఖాళీ చేసే 100 కిలోఓమ్ బ్లీడర్ రెసిస్టర్ ఉన్నా ఖాళీ కావడానికి దాదాపు 4 నిమిషాలు పడుతుంది.

విద్యుత్ సంస్థ అనుమతి లేకుండా అసలు గ్రిడ్‌కు కలపకండి.