సొంత జానపద పాటను హైదరాబాద్‌లో సొంతంగా విడుదల చేయడం ఎలా?

పాట రాసి, బాణీ కట్టి, తామే పాడుకునే జానపద కళాకారులు కృష్ణానగర్, యూసఫ్‌గూడ వీధుల్లోని చిన్న స్టూడియోలకు రోజూ వస్తూనే ఉంటారు. వారిలో చాలామంది నన్ను అడిగే మొదటి ప్రశ్న ఏ మైకు మంచిదని, రెండో ప్రశ్న వీడియోకు ఎంత ఖర్చవుతుందని. పాట ఎవరిదన్న ప్రశ్న మాత్రం, పాటకు లక్షల్లో వ్యూస్ వచ్చి ఆ డబ్బు మరొకరి ఖాతాలో పడటం మొదలయ్యాక గాని వారి నోట రాదు. ఇరవై ఏళ్లుగా ఈ పనిలో ఉన్నవాడిగా వరుస తప్పకుండా మొత్తం చెబుతాను. అయితే మూడో మెట్టు దగ్గర ఎక్కువసేపు నిలబడతాను, ఎందుకంటే అందరూ జారిపడేది అక్కడే.

కావలసినవి

ఒక డప్పు, ఫోనులో శ్రుతి యాప్, ఫోను రికార్డరు, 200 పేజీల నోటుపుస్తకం, ఎర్ర సిరా కలం ఒకటి, నల్ల సిరా కలం ఒకటి ఉంటే చాలు. ఇంట్లోకి ఖరీదైన మైకు కొనవద్దు. ఆ డబ్బు స్టూడియో అద్దెకు పనికివస్తుంది.

మొదటి మెట్టు: పాట కట్టడం

పల్లవిని డప్పు మీదే కట్టాలి, కీబోర్డు మీద కట్టకూడదు. కీబోర్డు ముందు కూర్చున్నవాడు స్వరాల వెంట పోతాడు, డప్పు పట్టినవాడు దరువు వెంట పోతాడు, జానపదానికి రెండోదే దారి. రెండోసారి వినగానే వంతపాట వాళ్లు అందుకోలేని పల్లవిని కొట్టివేయాలి. ఒకే పాటలో నల్లగొండ యాసను, కరీంనగర్ యాసను కలపకూడదు. వినేవారు ఆ తేడాను వెంటనే పట్టుకుంటారు.

స్టూడియోకు వెళ్లే ముందు పాటను కనీసం మూడుసార్లు జనం ముందు పాడాలి. బంజారాహిల్స్‌లోని లామకాన్, బాగ్‌లింగంపల్లిలోని సుందరయ్య విజ్ఞాన కేంద్రం వంటి చోట్ల జరిగే సభల్లో ఐదు నిమిషాల సమయం అడిగితే దొరుకుతుంది, దొరకని రోజున కాలనీ వినాయక మండపం ఉండనే ఉంది. ముందు ట్రాక్ చేయించుకుని తరువాత వేదిక ఎక్కే పద్ధతిని నేటి కుర్రవాళ్లు తెలివైనదనుకుంటున్నారు, నేను దాన్ని అంగీకరించను. స్టూడియోలో మొదటి గంటలోనే వేగం నిర్ణయమైపోతుంది, ఆ తరువాత చరణం ఊపిరి ఆడక ఉక్కిరిబిక్కిరి అవుతున్నా ఎవరూ వెనక్కు వెళ్లి సరిచేయరు. జనం ముందు పాడినప్పుడు ఎక్కడ చప్పట్లు అందుకున్నారో, ఎక్కడ ఫోన్లు తీశారో చూస్తే సరైన వేగం తానే తెలిసిపోతుంది.

రెండో మెట్టు: రికార్డింగు

దీనికి ఒక పూట చాలు. 24 బిట్, 48 కిలోహెర్ట్జ్‌లో రికార్డు చేయమని ఇంజనీరుకు చెప్పాలి, గొంతును ట్యూనింగ్ సాఫ్ట్‌వేరుతో నున్నగా చేయనివ్వకూడదు. డప్పును ముందు రికార్డు చేయాలి. బయట మంట మీద కాచి బిగించిన తోలు ఏసీ గదిలోకి రాగానే సడలడం మొదలవుతుంది, గంట తరువాత వాయిస్తే అది వేరే డప్పులా మోగుతుంది. మార్కెట్లో దొరికే రెడీమేడ్ లూపులు, అంటే మళ్లీ మళ్లీ మోగేలా ముందే తయారుచేసిన వాయిద్యపు ముక్కలు, వాడవద్దు. అవే లూపులు వేరేవారి పాటల్లోనూ ఉంటాయి కనుక, మీ పాట మీది కాదని యూట్యూబ్ యంత్రం పొరపడే ప్రమాదం ఉంది. పని పూర్తయ్యాక మిక్స్ చేసిన పాటతో పాటు విడివిడి ట్రాకులన్నీ హార్డ్ డిస్కులో తీసుకుని బయటికి రావాలి.

మూడో మెట్టు: పాటలో ఏది ఎవరిదో కాగితం మీద పెట్టడం

ఇక్కడ తొందరపడకూడదు. పాట ఒక్కటే అయినా చట్టం దాన్ని ఒక్కటిగా చూడదు. సాహిత్యం ఒక రచన, బాణీ మరొక రచన, స్టూడియోలో తయారైన రికార్డింగు మూడోది, పాడినందుకు గాయకుడికి ఉండే హక్కు వీటన్నిటికంటే వేరు. 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం సాహిత్యానికి, సంగీతానికి రచయిత జీవించినంత కాలమూ, ఆపైన 60 ఏళ్లూ రక్షణ ఉంటుంది. రికార్డింగుకు మాత్రం చట్టం నిర్మాతనే కర్తగా గుర్తిస్తుంది, అంటే దాన్ని తయారు చేయించే చొరవనూ బాధ్యతనూ తీసుకున్న వ్యక్తిని. అందువల్ల స్టూడియో బిల్లు మీ పేరు మీదే ఉండాలి, అప్పు చేసి కట్టినా సరే. ‘రికార్డింగు ఖర్చు మేం చూసుకుంటాం అన్నా, నువ్వు వచ్చి పాడితే చాలు’ అని యూట్యూబ్ ఛానెల్ వాళ్లు ప్రేమగా అన్నప్పుడు, ఆ ప్రేమకు వెల ఏమిటో అప్పుడే అర్థం చేసుకోవాలి.

ఆ తరువాతి చిక్కు సినిమా పాటల రచయితలకు అంతగా లేనిది, జానపదులకు ఎప్పుడూ ఉండేది. మన పాటల్లో సగం విన్నవి, సగం అల్లినవి. నాట్లు వేసేటప్పుడు మా నాయనమ్మ పాడిన పల్లవికి నేను మూడు చరణాలు కట్టి పాడితే, ఆ పల్లవి నాది కాదు, ఆ చరణాలు నావి. ఈ తేడాను ముందే రాసిపెట్టనివాడు రెండు వైపులా నష్టపోతాడు. ఊరి సొత్తును తన పేరున వేసుకున్నాడన్న నింద ఒకవైపు వస్తే, తాను నిజంగా రాసిన చరణాలను కూడా ‘అది పాత పాటే కదా’ అంటూ ఇతరులు ఎత్తుకుపోవడం మరోవైపు జరుగుతుంది.

నా పద్ధతి ఇది. నోటుపుస్తకం పేజీని నిలువుగా మడిచి, ఎడమవైపు విన్న పంక్తులను ఎర్ర సిరాతోను, కుడివైపు అల్లిన పంక్తులను నల్ల సిరాతోను రాయాలి. ఎర్ర పంక్తుల కింద ఎవరి దగ్గర, ఏ ఊళ్లో, ఏ తేదీన విన్నారో రాసి, వీలైతే వారి గొంతును వారి అనుమతితో ఫోనులో భద్రపరచాలి. తరువాత ఆ పల్లవి ఇంతకుముందే అచ్చయి ఉందేమో చూడాలి. తెలుగు జానపద గేయాలపై ఉస్మానియాలో పరిశోధన చేసిన బిరుదురాజు రామరాజు రచనలు, ఇతరుల పాత సంకలనాలు తిరగేయడానికి సుల్తాన్ బజార్‌లో 1901లో స్థాపించిన శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం వంటి గ్రంథాలయాల్లో ఒక మధ్యాహ్నం గడిపితే నష్టమేమీ లేదు. వీడియో కింద ‘సంప్రదాయ బాణీ, సేకరణ ఫలానా, అదనపు చరణాలు ఫలానా’ అని విడివిడిగా వేయాలి. పాట చెప్పిన అవ్వకు ఎంతో కొంత ఇచ్చి, ఆమె ఒప్పుకుంటే ఆమె పేరూ వేయాలి. చట్టం అడిగినా అడగకపోయినా నా దగ్గర ఇది నియమమే.

ఇక ఛానెల్ ఇచ్చే కాగితం సంగతి. నా తొలి పాటల్లో ఒకదాన్ని ఒక ఛానెల్‌కు పది వేల రూపాయలకు ఇచ్చాను. ‘పాటపై సర్వహక్కులు శాశ్వతంగా’ అని ఉన్న కాగితం మీద, చాయ్ చల్లారేలోపు సంతకం చేశాను, నకలు కూడా అడగలేదు. నాలుగేళ్ల తరువాత ఒక కాలేజీ వేదిక మీద అదే పాట పాడి ఆ వీడియోను నా ఛానెల్‌లో పెడితే, పాట తమదంటూ వారి క్లెయిము వచ్చి వీడియో ఆగిపోయింది. నా నాయనమ్మ పల్లవిని నా గొంతుతో పాడటానికి నేను ఇతరుల అనుమతి కోరవలసి వచ్చింది. అడిగితే వాళ్లు చెప్పింది ఒకటే మాట: ‘అందరూ ఇట్లనే సంతకం పెడతరు అన్నా.’

కాబట్టి సంతకానికి ముందు ఈ సంగతులు తెలిసి ఉండాలి. హక్కుల బదిలీ రాతపూర్వకంగా, సంతకంతో ఉంటేనే చెల్లుతుంది. అందులో ఏ రచన, ఏ హక్కులు, ఎంత కాలం, ఏ ప్రాంతంలో, ఎంత రాయల్టీ అన్నవి ఉండాలి. కాలం రాయకపోతే చట్టం దాన్ని ఐదేళ్లుగానూ, ప్రాంతం రాయకపోతే భారతదేశంగానూ పరిగణిస్తుంది. అందుకే తెలివైన ఛానెళ్లు ‘శాశ్వతంగా, ప్రపంచమంతటా’ అన్న రెండు మాటలను మరచిపోకుండా రాయిస్తాయి, మీరు మరచిపోకుండా కొట్టివేయించాలి. 2012లో చట్టాన్ని సవరించాక, పాట వినియోగంపై వచ్చే రాయల్టీలో సాహిత్య రచయితకు, స్వరకర్తకు ఉన్న సమాన వాటాను వదులుకుంటున్నట్లు రాయించుకున్నా ఆ రాత చెల్లదు. ఆ వాటాను వారసులకు గాని, వసూలు చేసిపెట్టే కాపీరైట్ సొసైటీకి గాని మాత్రమే రాసివ్వవచ్చు. అటువంటి సొసైటీల్లో రచయితలకు, స్వరకర్తలకు ఉపయోగపడేది 1969 నుంచి ఉన్న ఐపీఆర్ఎస్ (ఇండియన్ పెర్ఫార్మింగ్ రైట్ సొసైటీ), అందులో సభ్యత్వం తీసుకోవాలి. హక్కులన్నీ బదిలీ చేసిన తరువాత కూడా ఈ రచన నాదని చెప్పుకునే హక్కు రచయితకు మిగిలే ఉంటుంది.

నేను ఇప్పుడు ఎవరికీ బదిలీ రాయను. మూడేళ్లకు, ఒక వీడియోకు, వాడుకునే అనుమతి మాత్రమే రాసిస్తాను. వేదిక మీద పాడుకునే హక్కు, ఆ వీడియోలను నా ఛానెల్‌లో పెట్టుకునే హక్కు నా దగ్గరే ఉంటాయని ఒక వాక్యం చేర్పిస్తాను. దీనికి ఒప్పుకోని ఛానెల్‌కు నమస్కారం పెట్టి వచ్చేస్తాను. సొంతంగా రాసిన భాగాన్ని కాపీరైట్ కార్యాలయంలో నమోదు చేయించడం తప్పనిసరి కాదు, పాట పుట్టగానే హక్కు పుడుతుంది. అయినా సాహిత్యానికి 500 రూపాయల రుసుము కడితే రేపు వివాదం వచ్చినప్పుడు చేతిలో ఒక సాక్ష్యం ఉంటుంది. తనకు తానే రిజిస్టర్డ్ పోస్టులో పాట పంపుకుని కవరు విప్పకుండా దాచుకునే పాత చిట్కాను ఇంకా కొందరు గొప్పగా చెబుతుంటారు. ఆ కవరును మా నోటుపుస్తకం పక్కన పెట్టి చూస్తే ఏది ఎక్కువ కథ చెబుతుందో వారికే తెలుస్తుంది.

నాలుగో మెట్టు: విడుదల

స్పాటిఫై వంటి యాప్‌లకు పాటను చేర్చడానికి డిస్ట్రిబ్యూటరు, అంటే మన తరఫున పాటను వాటికి అందించే సంస్థ, కావాలి. ప్రతి రికార్డింగునూ విడిగా గుర్తించే 12 అక్షరాల ఐఎస్ఆర్‌సీ సంఖ్యను పాటకు వారే ఇస్తారు. ఇతరుల వీడియోల్లో మీ పాటను పట్టుకునే యూట్యూబ్ యంత్రమైన కంటెంట్ ఐడీలో చేర్చమంటారా అని వారు అడిగినప్పుడు, పాటలో లూపులు ఉంటే వద్దనాలి. బతుకమ్మ పాటయితే పండుగ మొదలయ్యే పెత్రమాసకు (భాద్రపద అమావాస్యకు) కనీసం మూడు వారాల ముందే బయటికి రావాలి, లేకపోతే ఆడపడుచులు నేర్చుకునే సమయానికే పండుగ వెళ్లిపోతుంది. బోనాల పాట ఆషాఢం రాకముందే రావాలి. యూట్యూబ్‌లో ప్రకటనల ఆదాయానికి 1,000 మంది సబ్‌స్క్రైబర్లు, ఏడాదిలో 4,000 గంటల వీక్షణ కావాలి. అందువల్ల మొదటి ఏడాది ఇంటి అద్దెను ఆ ఆదాయం మీద పెట్టుకోకూడదు. అద్దె కట్టేది వేదికే. కార్యక్రమం ఒప్పుకున్నప్పుడు సగం డబ్బు ముందే తీసుకోవాలి, మిగతా సగాన్ని మైకు ముందుకు వెళ్లకముందే తీసుకోవాలి, డప్పు వాయించిన వారి వాటాను ఆ రాత్రే ఇచ్చి పంపాలి.