నంబర్ గడిలో పాయింట్ తర్వాత రెండంకెలు సరిగ్గా కనపడాలంటే ఏం చేయాలి?

వెబ్ ఫారంలో ధర టైప్ చేసే గడి ఒకటి ఉంటుంది. అందులో 12.5 కొడితే 12.50 అని కనపడాలి. పని ఇంతే. కానీ బాగుచేయమని నా దగ్గరికి వచ్చే ఫారాల్లో ఎక్కువసార్లు చెడి ఉండేది ఈ గడే. టైప్ చేస్తుంటే అంకెలు మారిపోతాయి, కర్సర్ చివరికి దూకుతుంది, పాయింట్ కొడితే పడదు. చాలా ఏళ్లుగా నేను చేస్తున్న పద్ధతి రాస్తున్నాను.

1. ఎన్ని అంకెలో ముందే తేల్చుకోండి

రూపాయలకు రెండు. బంగారం గ్రాములకు మూడు, నగల షాపు బిల్లులో మిల్లీగ్రాము దాకా రాస్తారు కాబట్టి. పాల కేంద్రంలో వెన్న శాతానికి ఒకటి చాలు. కువైట్ దినార్‌కు వెయ్యి ఫిల్స్, అందుకని దానికి మూడు కావాలి. కడప నుంచి, గోదావరి జిల్లాల నుంచి కువైట్ వెళ్లినవాళ్లు ఇంటికి డబ్బు పంపే యాప్ రాస్తూ అన్ని కరెన్సీలకూ రెండే బిగించేస్తే 12.345 దినార్లు కొట్టడానికి దారే ఉండదు. జపాన్ యెన్‌కు పాయింటే అక్కర్లేదు. కాబట్టి ఈ సంఖ్యను కోడ్ మధ్యలో ఇరికించకుండా ప్రతి గడికీ విడిగా సెట్టింగ్‌లో పెట్టండి.

2. గడి పెట్టండి

HTMLలో గడి రకాన్ని చెప్పే టైప్‌కు నంబర్ వాడకండి. టైప్ టెక్స్ట్ పెట్టి, ఫోన్‌లో ఏ కీబోర్డు రావాలో చెప్పే ఇన్‌పుట్‌మోడ్‌కు డెసిమల్ ఇవ్వండి. ఫోన్‌లో అంకెల కీబోర్డు పాయింట్‌తో సహా వస్తుంది. ఇన్‌పుట్‌మోడ్‌ను న్యూమరిక్ అని పెడితే ఐఫోన్‌లో పాయింట్ మీట ఉండదు, చూసుకోండి.

టైప్ నంబర్ గడికి స్టెప్ (విలువ ఎంత చొప్పున మారాలో చెప్పే సెట్టింగ్) 0.01 పెట్టేస్తే సరిపోతుందని చాలామంది అనుకుంటారు. స్టెప్ పని తనిఖీ చేయడం, బాణం మీటలు నొక్కితే ఎంత మారాలో చెప్పడం, అంతే. 12.5ను 12.50గా చూపించదు. పైగా టైప్ నంబర్ గడిలో కోడ్ ద్వారా 1,25,000.00 అని పెడితే కామాలు ఒప్పుకోక గడి ఖాళీ అయిపోతుంది. లక్షల దగ్గర కామా లేని సంఖ్యను మనవాళ్లు ఎలా చదువుతారు? సున్నాలు లెక్కపెట్టుకోవాల్సిందే.

అంకెలు కుడివైపుకు జరపండి. ఇది తప్పనిసరి.

3. రెండు విలువలు, రెండు చోట్ల

గడిలో కనపడేది ఒకటి, లెక్కకు వాడేది మరొకటి. అసలు విలువను వేరే వేరియబుల్‌లో దాచండి. గడి దాన్ని చూపించే అద్దం లాంటిది. తర్వాతి మెట్టంతా దీని మీదే నిలబడుతుంది.

4. గడి వదిలాకే ముస్తాబు

ఇక్కడ నిదానంగా చదవండి. అందరూ చెడగొట్టేది ఈ చోటే.

ప్రతి మీట నొక్కినప్పుడల్లా ఫార్మాట్ చేయకండి. పాయింట్ తర్వాత ఇన్ని అంకెలని బిగించే జావాస్క్రిప్ట్ ఫంక్షన్ టూఫిక్స్‌డ్‌ను, ప్రతి అక్షరానికీ నడిచే ఇన్‌పుట్ ఈవెంట్‌కు తగిలించారనుకోండి. మనిషి 12 కొట్టాలని 1 నొక్కగానే గడిలో 1.00 వస్తుంది, కర్సర్ చివరికి పోతుంది. తర్వాత నొక్కిన 2 వెళ్లి 1.002 అవుతుంది, వెంటనే మళ్లీ 1.00. ఎన్నిసార్లు ప్రయత్నించినా 12 పడదు.

వెబ్ పేజీలు కట్టే లైబ్రరీ రియాక్ట్‌లో ఇంకో రకం ప్రమాదం ఉంది. టైప్ చేసిన ప్రతిసారీ దాన్ని సంఖ్యగా మార్చి స్టేట్‌లో, అంటే గడి చూపించే విలువ ఉండే చోట, పెడతారు. "12." అన్నది సంఖ్యగా 12 కాబట్టి పాయింట్ మాయమవుతుంది. 12.05 అని వరుసగా కొట్టినవాడికి గడిలో 1205 కనపడుతుంది. తల దించుకుని వేగంగా టైప్ చేసే క్యాషియర్ దాన్ని గమనించడు.

అందుకే టైప్ చేస్తున్నంతసేపూ గడిని ముట్టుకోకండి. కొట్టిందాన్ని అక్షరాలుగానే ఉండనివ్వండి. మనిషి గడి వదిలి వెళ్లాక, అంటే బ్లర్ ఈవెంట్‌లో, సరిచేయండి. అది కూడా ఈ వరుసలో:

ముందు కామాలు, ఖాళీలు తీసేయండి. తీయకుండా, అక్షరాలను సంఖ్యగా మార్చే పార్స్‌ఫ్లోట్‌కు ఇస్తే 1,25,000 కాస్తా 1 అవుతుంది, ఎర్రర్ కూడా రాదు. ఒక హోల్‌సేల్ దుకాణం బిల్లు ఇలాగే ఒక్క రూపాయికి సేవ్ అయింది. సాయంత్రం క్యాష్ లెక్క తేలక ఆ కౌంటర్‌లోని అబ్బాయి ఎంత టెన్షన్ పడ్డాడో దగ్గరుండి చూశాను. తప్పు అతనిది కాదు, కోడ్ రాసినవాళ్లది.

ఖాళీగా ఉంటే ఖాళీగానే వదిలేయండి. జావాస్క్రిప్ట్‌లో నంబర్ ఫంక్షన్‌కు ఇస్తే ఖాళీ కాస్తా సున్నా అవుతుంది. ధర రాయకపోవడం, ధర 0.00 అని రాయడం ఒకటి కావు.

పాయింట్ తర్వాత అంకెలు తక్కువైతే సున్నాలు చేర్చండి. ఎక్కువైతే మీరే సవరించేయకండి. గడి కింద ఎర్రగా "రెండంకెలే రాయండి" అని చూపించి, దిద్దే పని ఆ మనిషికే వదలండి. టూఫిక్స్‌డ్‌ను నమ్ముకుంటే 1.005కు 1.01 బదులు 1.00 వస్తుంది. కంప్యూటర్ లోపల ఆ సంఖ్య 1.005 కన్నా రవ్వంత తక్కువగా నిలవ ఉండటమే కారణం. ఆన్‌లైన్ చెల్లింపు తీసుకునే పేమెంట్ గేట్‌వేకు పైసల్లో పంపడానికి 19.99ని 100తో గుణిస్తే 1998.9999999999998 వస్తుంది. పాయింట్ తర్వాతి భాగం కత్తిరించారో, ఒక పైసా పోయినట్టే. నేను పాయింట్ దగ్గర అక్షరాలను విడగొట్టి 19, 99 పక్కపక్కన పెట్టి 1999 చేస్తాను. గుణకారం జోలికే పోను.

చివరగా, సంఖ్యను ఒక దేశం పద్ధతిలో రాసే జావాస్క్రిప్ట్ సాధనం ఇంటిల్ నంబర్‌ఫార్మాట్‌కు ఇండియా లొకేల్ (దేశం సెట్టింగ్) ఇచ్చి చూపించండి. 1,25,000.00 అని మన పద్ధతిలో వస్తుంది. అమెరికా లొకేల్ అలాగే ఉంచేస్తే 125,000.00 అవుతుంది. కనీస అంకెలు, గరిష్ఠ అంకెలు రెండూ 2 అని ఇవ్వాలి. గరిష్ఠం ఒక్కటే ఇస్తే 12.5 అలాగే ఉండిపోతుంది.

ఇంకో జాగ్రత్త. డేటాబేస్‌లో 10.2567 ఉండి గడిలో 10.26 కనపడుతోందనుకోండి. ఎవరో ఊరికే ఆ గడిలో క్లిక్ చేసి బయటికి వచ్చారు. మీ బ్లర్ కోడ్ కనపడే 10.26నే చదివి దాచేస్తే అసలు విలువ పోయింది. మనిషి నిజంగా ఏదైనా మార్చాడా అని చూసి, మార్చితేనే రాయండి. మళ్లీ గడిలోకి వచ్చినప్పుడు కామాలు లేకుండా అసలు విలువ చూపించండి, దిద్దుకోవడానికి వీలుగా ఉంటుంది.

టైప్ చేస్తుండగానే అంకెలను ఒక అచ్చులో పెట్టే రెడీమేడ్ కోడ్, మాస్క్ లైబ్రరీ, పెట్టుకోవచ్చు కదా అని అడుగుతారు. వాటిలో కొన్ని స్వైపింగ్ మెషీన్‌లా కుడి నుంచి నింపుతాయి, 1250 కొడితే 12.50 అవుతుంది. రోజూ మెషీన్ వాడే షాపువాళ్లకు అది అలవాటే. వెబ్ ఫారంలో 500 కొట్టిన మనిషి ఐదు వందలే అనుకుంటాడు, గడిలో మాత్రం 5.00 ఉంటుంది. నా ఫారాల్లో వాటికి చోటు లేదు.

5. పరీక్షించండి

12. అని, .5 అని, 12.05 అని కొట్టి చూడండి. 1,25,000 కాపీ చేసి అతికించండి. ఖాళీగా వదిలి చూడండి. తర్వాత 10.2567 ఉన్న రికార్డు తెరిచి, గడిలో క్లిక్ చేసి, ఏమీ మార్చకుండా బయటికి వచ్చి సేవ్ నొక్కండి. డేటాబేస్‌లో ఇంకా 10.2567 ఉంటేనే ఆ ఫారం వాడకానికి ఇవ్వండి.