మలుపులో ముందు చక్రం ఒట్టిగా తిరుగుతోందా? వీఏక్యూ డిఫరెన్షియల్: సమస్య - పరిష్కారం

మొన్న వానాకాలంలో ఒక స్నేహితుడు తన స్కోడా ఆక్టేవియా ఆర్‌ఎస్ 245 కారు తీసుకుని మా షెడ్డుకు వచ్చాడు. చేతిలో వేరేచోట రాసిచ్చిన ఎస్టిమేటు. అందులో ఉన్నది ఒకటే వరుస: "ఫ్రంట్ డిఫరెన్షియల్ అసెంబ్లీ మార్చాలి." కింద ఆరంకెల మొత్తం. డిఫరెన్షియల్ అంటే ఇంజిన్ బలాన్ని రెండు ముందు చక్రాలకు పంచుతూ, మలుపులో అవి వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే భాగం. ఏ ఫాల్ట్ కోడ్ (బండి కంప్యూటర్ నమోదు చేసే లోపం నంబరు) వచ్చింది, ఏం కొలిచి చూశారు, ఎందుకు మార్చాలి అన్నదానికి ఒక్క ముక్క లేదు. బండిని లిఫ్టు మీదకెక్కించి చిన్న పంపు ఒకటి విప్పితే, దాని వడపోత జాలీ నల్లటి జిగురుతో పూర్తిగా పూడుకుపోయి ఉంది. వేలితో తుడిస్తే కాటుకలా అంటుకుంది. డిఫరెన్షియల్‌కు ఏమీ కాలేదు. దానికి నూనె అందించే పంపుకు ఊపిరాడలేదు, అంతే.

ఈ బండి మన దేశానికి 2020లో 200 మాత్రమే వచ్చింది. ఇదే తరహా డిఫరెన్షియల్ 2025లో వచ్చిన ఫోక్స్‌వ్యాగన్ గోల్ఫ్ జీటీఐలోనూ ఉంది. అమెరికాలో, ఇంగ్లండ్‌లో పాత గోల్ఫ్ జీటీఐ పెర్ఫార్మెన్స్ మోడళ్లు నడుపుతున్న మనవాళ్లు కూడా చాలామందే. ఆర్‌ఎస్ 245 బళ్లు ఇప్పుడు చాలావరకు వారంటీ దాటేశాయి కాబట్టి ఇలాంటి ఎస్టిమేట్లు ఇంకా వస్తాయి. సంతకం పెట్టే ముందు ఏం చూసుకోవాలో వరసగా చెబుతాను.

ముందుగా: మీ బండిలో ఉన్నది ఏది?

"ఎలక్ట్రానిక్ డిఫరెన్షియల్" అనే పేరు రెండు వేర్వేరు వాటికి వాడేస్తున్నారు. మొదటిది ఎక్స్‌డీఎస్. దానికి విడిగా ఏ సామానూ ఉండదు. మలుపులో లోపలి చక్రం జారబోతే ఏబీఎస్ యూనిట్ ఆ చక్రానికి కాస్త బ్రేకు వేస్తుంది. ఏడో తరం గోల్ఫ్ జీటీఐ మామూలు మోడల్లో ఉన్నది ఇదే. ఇలాంటి బండికి ఎవరైనా "డిఫరెన్షియల్ లాక్ పోయింది" అంటే అక్కడే ఆపండి, ఎందుకంటే పోవడానికి అందులో లాక్ అనేదే లేదు. చూడాల్సినవి ఏబీఎస్, బ్రేక్ ప్యాడ్లు, చక్రాల సెన్సార్లు.

రెండోది వీఏక్యూ. ఇది నిజమైన వస్తువు. గేర్ బాక్సు పక్కన, డిఫరెన్షియల్ గూటికీ కుడి యాక్సిల్‌కీ మధ్యన పళ్లేల క్లచ్ ఒకటి ఉంటుంది. చిన్న ఎలక్ట్రిక్ మోటారు ఒక పంపును తిప్పుతుంది, పంపు నూనెను ఒత్తిడితో తోస్తుంది, ఆ ఒత్తిడికి పళ్లేలు బిగుసుకుని బలాన్ని పట్టు ఉన్న చక్రానికి మళ్లిస్తాయి. గరిష్ఠంగా 1600 న్యూటన్ మీటర్ల దాకా బిగించగలదు. ఇంజిన్ బలం నాలుగు చక్రాలకూ వెళ్లే బళ్లలో వెనక చక్రాలను కలిపే హాల్డెక్స్ కప్లింగ్‌కు ఇది తోబుట్టువు. దాని నూనె దానిదే, గేర్ బాక్సు నూనెతో సంబంధం లేదు.

ఏది ఉందో తేల్చుకోవడం తేలిక. వీసీడీఎస్ లాంటి స్కానర్‌లో కంట్రోల్ యూనిట్ల జాబితా చూడండి. 32వ అడ్రస్‌లో డిఫరెన్షియల్ లాక్ కనిపిస్తే వీఏక్యూ ఉన్నట్టే.

లక్షణం: మీటర్లో హెచ్చరిక వెలిగింది, బండి మాత్రం బాగానే నడుస్తోంది

ఎస్టిమేట్లలో ఎక్కువ డబ్బు వృథా అయ్యేది ఇక్కడే. డిఫరెన్షియల్ కంట్రోల్ యూనిట్ ఒంటరిగా పని చేయదు. నాలుగు చక్రాల వేగం, స్టీరింగ్ ఎంత తిరిగింది, ఇంజిన్ ఎంత లాగుతోంది అన్నవి ఇతర యూనిట్లు చెబితేనే అది బిగించాలో వదలాలో తేల్చుకుంటుంది. వాటిలో ఒకటి తప్పుడు లెక్క చెప్పినా ఇది భద్రత కోసం చేతులెత్తేస్తుంది. దీపం వెలిగేది డిఫరెన్షియల్ పేరు మీద, జబ్బు ఇంకెక్కడో.

మొదట బ్యాటరీ. రాత్రంతా నిలిపిన బండికి పొద్దున్నే మల్టీమీటర్ పెడితే 12.6 వోల్టుల చుట్టుపక్కల ఉండాలి. 12.2 కంటే దిగితే, ముందు బ్యాటరీ సంగతి తేల్చి అన్ని కోడ్‌లూ చెరిపేసి మళ్లీ చూడండి. బ్యాటరీ విప్పి పెట్టిన తర్వాత ఈఎస్‌సీ (బండి అదుపు తప్పి జారకుండా చూసే వ్యవస్థ) దీపం కాసేపు వెలగడం మామూలే. స్టీరింగ్‌ను ఈ చివర నుంచి ఆ చివరికి తిప్పి కొంచెం దూరం నడిపితే పోతుంది. దానికే బండిని వర్క్‌షాపుకు టోయింగ్ చేయించుకున్న వాళ్లను చూశాను.

తర్వాత చక్రాల సెన్సార్లు. పక్కన ఒకరు కూర్చుని స్కానర్‌లో నాలుగు చక్రాల వేగాలు చూస్తుండగా, ఖాళీ రోడ్డు మీద గంటకు 20 కిలోమీటర్ల వేగంతో తిన్నగా నడపండి. నాలుగూ ఒకేలా ఉండాలి. ఒకటి మధ్యమధ్యలో సున్నాకు పడిపోతుంటే దొంగ దొరికినట్టే. ఒక్కోసారి సెన్సార్ కూడా మార్చక్కర్లేదు, కనెక్టర్‌లోకి నీళ్లు దిగి పచ్చగా తుప్పు పట్టి ఉంటుంది. మన నగరంలో మోకాళ్ల లోతు నీళ్లలో బండి నడిపాక వచ్చే ఫిర్యాదుల్లో ఇదే ముందు చూడాలి.

ఇక టైర్లు. ముందు టైర్లలో ఒకటి పగిలితే ఒక్కటే కొత్తది వేయించుకోవడం మనకు అలవాటు. ఆర్‌ఎస్ 245కి వచ్చేది 225/40 ఆర్18. దాని చుట్టుకొలత దాదాపు 2 మీటర్లు. కొత్త టైరు గాడి 8 ఎంఎం, పక్కది అరిగి 3 ఎంఎం అయితే చుట్టుకొలతలో తేడా 31 ఎంఎం, అంటే ఒకటిన్నర శాతం. తిన్నటి రోడ్డు మీద కూడా కిలోమీటరుకు 15 మీటర్ల తేడా. బండి దృష్టిలో అది ఎప్పటికీ తెగని చిన్న మలుపు. ముందు రెండు టైర్లూ ఒకే కంపెనీవి, ఒకే అరుగుదలతో ఉండాలి. ఇందులో పొదుపు చేయొద్దు.

లక్షణం: దీపమేదీ వెలగలేదు, కానీ బండిలో ఆ పట్టు లేదు

దీని గురించి వివరంగా రాయాలి, ఎందుకంటే ఎక్కువమంది దీన్ని టైర్ల తప్పనుకుని నెలల తరబడి నడిపేస్తారు. అనంతగిరి ఘాట్‌లో మలుపు దాటుతూ యాక్సిలరేటర్ తొక్కితే ఇదివరకు ముక్కు లోపలికి లాక్కునేది, ఇప్పుడు బయటికి పోతోంది. లోపలి చక్రం ఒట్టిగా గిర్రున తిరుగుతుంది, ఈఎస్‌సీ దీపం టపటపా కొట్టుకుంటుంది, బలం తగ్గిపోతుంది. స్కానర్ పెడితే ఒక్క కోడూ లేదు.

కోడ్ ఎందుకు రాదంటే, ఈ వ్యవస్థలో నూనె ఒత్తిడి కొలిచే సెన్సార్ లేదు. కంట్రోల్ యూనిట్‌కు తెలిసేదల్లా మోటారు ఎంత కరెంటు లాగుతోందన్నదే. మోటారు తిరుగుతున్నంతసేపూ అంతా బాగుందనే అనుకుంటుంది. పళ్లేలు అరిగి రాలిన పొడి నూనెలో కలిసి పంపు మూతి దగ్గరి సన్నటి జాలీలో పేరుకుంటుంది. ముందు పట్టు తగ్గుతుంది, తర్వాత పంపు వేడెక్కుతుంది, చివరికి మోటారు కాలిపోతుంది. అప్పుడు గానీ దీపం వెలగదు.

ఇంకో బాధ కూడా చెప్పాలి. సర్వీసులో నూనె మార్చిన బళ్లకు కూడా ఇది వస్తోంది. చాలాచోట్ల పాత నూనె వంచి కొత్తది పోసి పంపేస్తారు. పంపు విప్పరు, జాలీ కడగరు. మురికి ఉన్నచోటే ఉంటుంది. అందుకే సర్వీసు బుక్కులో "నూనె మార్చాం" అన్న ముద్ర చూసి తృప్తి పడకండి, జాలీ శుభ్రం చేశారా అని నోరు తెరిచి అడగండి.

పరీక్ష ఇలా చేయాలి. బండి లిఫ్టు మీద, ఇంజిన్ ఆపి, గేరు పార్కింగ్ (పీ)లో. కుడి ముందు చక్రాన్ని చేత్తో తిప్పండి. ఎడమది ఎదురు దిశలో తేలిగ్గా తిరగాలి. ఇప్పుడు స్కానర్ నుంచి పంపుకు అవుట్‌పుట్ టెస్ట్ ఇవ్వండి, అంటే స్కానర్‌తోనే పంపును నడిపించి చూడండి. పంపు జుయ్యిమని పలకాలి, అదే సమయంలో చక్రం బిగుసుకోవాలి. మూడు రకాల జవాబులు రావచ్చు.

శబ్దం వచ్చి చక్రం బిగుసుకుంటే డిఫరెన్షియల్ ఆరోగ్యంగా ఉంది, మళ్లీ టైర్ల దగ్గరికీ సెన్సార్ల దగ్గరికీ వెళ్లండి. శబ్దం వచ్చినా చక్రం బిగుసుకోకపోతే నూనె తగ్గిందన్నా అనుకోవాలి, జాలీ పూడిందన్నా అనుకోవాలి. అసలు శబ్దమే లేకపోతే ముందు ఫ్యూజు, తర్వాత కనెక్టర్, ఆ తర్వాతే మోటారు. మోటారు రెండు పిన్నుల మధ్య మల్టీమీటర్ పెడితే చాలా తక్కువ ఓమ్‌లు చూపాలి. లైను తెగినట్టు చూపిస్తే మోటారు పోయింది. ఫ్యూజు మార్చగానే మళ్లీ కాలిపోతే పంపు పట్టేసి ఉండొచ్చు. పెద్ద ఫ్యూజు వేసి చూద్దాం అనే మాట ఎవరన్నా అంటే బండి తీసుకుని వచ్చేయండి.

పరిష్కారం: పంపు విప్పి, జాలీని బ్రేక్ క్లీనర్‌తో కడిగి, ఓ-రింగులు (నూనె కారకుండా ఆపే రబ్బరు రింగులు) కొత్తవి వేసి, ఫోక్స్‌వ్యాగన్ చెప్పిన హాల్డెక్స్ నూనె మాత్రమే పోయాలి. లీటరు కూడా పట్టదు. గేర్ ఆయిల్ పోస్తే పళ్లేల పని అయిపోయినట్టే. పంపు కొత్తది వేస్తే స్కానర్‌తో బేసిక్ సెట్టింగ్ చేయాలి, అంటే కొత్త పంపును కంట్రోల్ యూనిట్‌కు అలవాటు చేయాలి. "అది అవసరం లేదు సార్" అన్నా వినొద్దు. ఘాట్ రోడ్లలోనో ట్రాక్ మీదో గట్టిగా నడిపేవాళ్లూ, ఇంజిన్ రీమ్యాప్ (బలం పెరిగేలా ఇంజిన్ సాఫ్ట్‌వేర్ మార్చడం) చేయించుకున్నవాళ్లూ ఈ పని మామూలుగా చెప్పే మూడేళ్లకోసారి కాదు, ఇంకా ముందే చేయించుకోవడం మేలు.

లక్షణం: శబ్దాలు

స్టీరింగ్ పూర్తిగా తిప్పి మెల్లగా కదిలితే టకటకమంటోందా? అది యాక్సిల్ చివరి సీవీ జాయింట్. రబ్బరు బూటు చినిగి గ్రీజు చక్రం లోపలివైపు చిమ్మి ఉంటుంది, చూస్తే తెలిసిపోతుంది. వేగంతో పాటు పెరిగే హుమ్మనే మోత చక్రం బేరింగుది. ఔటర్ రింగ్ రోడ్డు మీద లేన్ మారుతుంటే ఆ మోత పెరిగి తగ్గుతుంటే ఇక అనుమానమే లేదు. యాక్సిలరేటర్ తొక్కినప్పుడూ వదిలినప్పుడూ ధడ్ మని ఒక్క దెబ్బ వినిపిస్తే కింది ఇంజిన్ మౌంట్ చూడండి. ఈ మూడింటికీ డిఫరెన్షియల్‌తో పని లేదు.

పార్కింగులో బిగువు మలుపు తిప్పుతుంటే బండి గుంజి గుంజి వణకడం ఒక్కటే నిజంగా దీని గుర్తు. నూనె పాతబడింది. మార్చి ఒక వారం నడపండి.

అసెంబ్లీ నిజంగా మార్చాల్సిందెప్పుడు?

వంచిన నూనెలో నల్లదనం మామూలే. తళతళమనే లోహపు తునకలు ఉంటే మామూలు కాదు. కరెంటు లేకపోయినా చక్రాలు విడవకుండా పట్టేసి ఉన్నా, కొత్త పంపు, కొత్త నూనె, బేసిక్ సెట్టింగ్ మూడూ అయ్యాక కూడా బిగుసుకోకపోయినా లోపలి క్లచ్ పోయినట్టే. అప్పుడు ఖర్చు తప్పదు.

ఎస్టిమేటు ఇచ్చేవారిని అడగాల్సినవి: అన్ని యూనిట్ల స్కాన్ ప్రింటు, చెరిపేయకముందుది. కోడ్ ఎప్పుడూ ఉంటోందా, అప్పుడప్పుడూ వస్తోందా. పంపు విప్పి చూశారా, చూస్తే జాలీ ఫోటో. పరీక్షకు ఎంత, పనికి ఎంత అని విడివిడిగా. మార్చిన పాత సామాను మన చేతికి. నిజాయితీగా పని చేసేవాళ్లు వీటికి చిరాకు పడరు. ప్రింటు ఇవ్వడానికే వెనకాడితే పరీక్ష ఫీజు కట్టేసి బండి తెచ్చుకోండి. ఆ కొద్ది డబ్బు పోయినా నష్టం లేదు.

మా స్నేహితుడి బండికి పంపు కడిగి, ఓ-రింగులు, నూనె మార్చి, కోడ్‌లు చెరిపి ఇచ్చాను. 300 కిలోమీటర్లు నడిపి, ఒక వానలో కూడా తడిపి, మళ్లీ రమ్మన్నాను. వచ్చాడు. స్కానర్‌లో ఏ కోడూ లేదు, లిఫ్టు మీద చక్రం చేతికి కదలనంతగా బిగుసుకుంది.