డిజిటల్ ప్రైవసీ తీర్పు చదివి, దాని గురించి రాయడం ఎలా?

డిజిటల్ ప్రైవసీ చట్టం నేర్చుకుందామని 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం తెరిచినవాళ్లలో చాలామంది నాలుగు సెక్షన్లు చదివేసరికే విసిగిపోతారు. ముందు తీర్పులు పట్టుకోండి. మొదటిది, ఆధార్‌ను సవాలు చేసిన జస్టిస్ పుట్టస్వామి కేసులో ప్రైవసీ ప్రాథమిక హక్కేనని చెప్పిన 2017 ఆగస్టు 24 నాటి తీర్పు. సుప్రీంకోర్టు వెబ్‌సైట్‌లో, తీర్పులు దొరికే ఇండియన్ కానూన్ సైట్‌లో ఉచితంగా దొరుకుతుంది. 547 పేజీలు చూసి బెదరకండి.

చివరి నుంచి మొదలుపెట్టండి. తొమ్మిదిమంది న్యాయమూర్తులూ కలిసి ఇచ్చిన ఉత్తర్వు అక్కడే ఉంటుంది. అందులో ఉన్నవి నాలుగే అంశాలు. రాజ్యాంగంలో ప్రైవసీకి రక్షణ లేదన్న 1954 నాటి ఎం.పి.శర్మ తీర్పు, 1962 నాటి ఖరక్ సింగ్ తీర్పు ఆ మేరకు చెల్లవు. ప్రైవసీ 21వ అధికరణంలోని జీవించే హక్కులోనూ, ప్రాథమిక హక్కులుండే మూడో భాగంలోని స్వేచ్ఛల్లోనూ భాగం. ఖరక్ సింగ్ తర్వాత ఈ మాటే చెప్పిన తీర్పులు సరైనవే.

తర్వాత ఏ అభిప్రాయం ఎవరిదో కాగితం మీద రాసుకోండి. నన్నడిగితే అసలు చదువు ఇదే. ఇందులో ఆరు అభిప్రాయాలున్నాయి. అందరూ ఉటంకించే జస్టిస్ చంద్రచూడ్ అభిప్రాయం నలుగురి తరఫున రాసింది. మన కృష్ణా జిల్లావారైన జస్టిస్ చలమేశ్వర్‌తో సహా మిగిలిన ఐదుగురూ ఎవరిది వారు రాశారు. ఫలితం ఏకగ్రీవమే కానీ, చంద్రచూడ్ వాక్యం తీసుకుని ‘తొమ్మిదిమందీ ఇలా అన్నారు’ అని రాస్తే తప్పు.

కోర్టు ఏం తేల్చలేదో కూడా చూడాలి. 2017లో ఆధార్ చెల్లుతుందా లేదా అన్నది తేల్చలేదు. అది 2018 సెప్టెంబరు 26న ఐదుగురి ధర్మాసనం 4-1తో తేల్చింది: ఆధార్ నిలిచింది, ప్రైవేటు కంపెనీలకు దారి తెరిచిన ఆధార్ చట్టం సెక్షన్ 57లోని భాగం పోయింది. విభేదించిన ఆ ఒక్కరూ చంద్రచూడే. భిన్నాభిప్రాయం చదవడానికి ఎంత బాగున్నా, తీర్పు మాత్రం అది కాదు.

సాధనకు చిన్న తీర్పు కావాలంటే 2004 నాటి కెనరా బ్యాంకు కేసు తీసుకోండి. స్టాంపు చట్టం సెక్షన్ 73ను ఆంధ్రప్రదేశ్ సవరించి, కలెక్టర్ అనుమతి ఉన్నవాళ్లు బ్యాంకుకెళ్లి పత్రాలు తనిఖీ చేయవచ్చంది. హైకోర్టు ఆ సవరణను కొట్టేస్తే, సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. కాగితం బ్యాంకు చేతికిచ్చినంత మాత్రాన ఖాతాదారు ప్రైవసీ పోదంది. మన డేటాను దాచుకునే యాప్‌ల గురించి ఆలోచించడానికి ఇంతకన్నా మంచి మెట్టు లేదు.

ఇక రాయడం. ఏ కోర్టు, ఎంతమంది, ఏ ప్రశ్న, ఏ జవాబు: ఇవి మొదటి పేరాలోనే రావాలి. వాదనల మధ్య న్యాయమూర్తి అన్న మాటలు తీర్పు కావు. ‘మండిపడ్డ సుప్రీం’ అనే శీర్షికలన్నీ వాటి పుణ్యమే! మధ్యంతర ఉత్తర్వైతే ఆ సంగతి స్పష్టంగా చెప్పండి. ఉటంకిస్తే పేరా నంబరివ్వండి, న్యాయమూర్తి పేరు కూడా జోడించండి. కోర్టు విడుదల చేసిన పుట్టస్వామి ప్రతిలో ఒక్కో అభిప్రాయానికి నంబర్లు మళ్లీ ఒకటి నుంచే మొదలవుతాయి. హైకోర్టు తీర్పైతే అప్పీలు పడిందేమో చూశాకే ప్రచురించండి. కక్షిదారుల చిరునామాలు, ఫోన్ నంబర్లు తీర్పులో కనిపించినా మీ వ్యాసంలోకి ఎక్కించకండి.