రినోవేషన్ కంపెనీకి ఇల్లు అప్పజెప్పే ముందు: మూసేలోపు చూసుకోవాల్సినవి

హైదరాబాద్ మల్కాజిగిరిలో మా ఫ్లాట్‌లో రెండు బాత్రూంలు. రెండూ ఒకే కంపెనీ చేసింది, ఒకే మేస్త్రీ, ఒకే రకం టైల్స్. మొదటిదానికి టైల్స్ వేసిన రెండ్రోజులు మేము వరంగల్‌లో పెళ్ళికి వెళ్ళాం, వచ్చేసరికి అంతా నీట్‌గా వేసేసి ఉంది, చూసి సంబరపడ్డాం. నలభై రోజులకి కింది ఫ్లాట్ ఆంటీ వచ్చి మా బాత్రూం పైన తడుస్తోంది ఒకసారి వచ్చి చూడమ్మా అన్నారు. వెళ్ళి చూస్తే పెద్ద నెమ్ము మరక, పెచ్చు ఎప్పుడు ఊడి పడుతుందా అన్నట్టుంది. కొత్త టైల్స్ పగలగొట్టిస్తే కింద వాటర్‌ప్రూఫింగ్ కోటింగ్ అన్నదే లేదు. కంపెనీవాళ్ళని అడిగితే కొటేషన్‌లో ఆ ఐటెం లేదు మేడం అన్నారు, తీసి చూస్తే నిజంగానే లేదు, బాత్రూం టైలింగ్ వర్క్ కంప్లీట్ అని ఒక్క లైన్ ఉంది అంతే. రెండో బాత్రూం అప్పటికింకా మొదలవలేదు, దాన్ని దగ్గరుండి చేయించా. రెండేళ్ళవుతోంది, చుక్క కారలేదు.

అప్పట్నించి ఎవరు ఇల్లు బాగుచేయించుకుంటున్నాం అన్నా నేను చెప్పేది ఒకటే, ఏది మూసేస్తున్నా అది మూసేలోపు మీ కళ్ళతో చూడండి. తేడా వచ్చేది టైల్ కింద, లామినేట్ వెనక, గోడలోపల, ఫాల్స్ సీలింగ్ పైన, కొటేషన్‌లో ఆ ఒక్క లైన్ కింద. పైకి కనబడే రంగు, లైట్లు ఎవరైనా బాగానే చేస్తారు.

ముందు టైం గురించి. శ్రావణంలో సత్యనారాయణ వ్రతం చేసుకుని ఇంట్లోకి వెళ్ళిపోదాం అని చాలామంది ముహూర్తం పెట్టుకుంటారు, అంటే పని మొత్తం ఆషాఢం వానల్లో పడుతుంది. గోడ చెమ్మగా ఉన్నప్పుడు లప్పం పెట్టి రంగు వేస్తే నాలుగు నెలల్లో పొక్కులు వచ్చి రాలుతుంది, చెక్క తేమ పీల్చుకుని తలుపులు బిగుసుకుంటాయి, బయట గోడల పని అయితే రోజూ ఆకాశం వంక చూడ్డమే. ఇంకోటి, మన దగ్గర కార్పెంటర్లు చాలామంది రాజస్థాన్, యూపీ, బీహార్ వాళ్ళు, హోలీకి, దీపావళి నుంచి ఛఠ్ పూజ దాకా ఊళ్ళకి పోతారు, సంక్రాంతికి మనవాళ్ళు పోతారు. పోవడం వాళ్ళ హక్కు, దానికి ఎవర్నీ తప్పు పట్టలేం, కాకపోతే కంపెనీవాళ్ళు 45 రోజుల్లో ఇచ్చేస్తాం అన్నప్పుడు ఆ 45 రోజుల్లో ఈ పండగలు ఏమైనా ఉన్నాయా అని క్యాలెండర్ ముందు పెట్టుకుని అడగండి. మళ్ళీ చేయించాల్సి వస్తే నేనైతే ఛఠ్ అయిపోయాక నవంబర్‌లో మొదలుపెట్టి, సంక్రాంతి వారం లెక్కలోంచి తీసేసి, ఎండలు ముదిరేలోపు పూర్తయ్యేలా చూసుకుంటా.

కంపెనీని చూసేటప్పుడు షోరూంకి తీసుకెళ్ళి త్రీడీ బొమ్మలు చూపిస్తారు, అవి చూసి ఏదీ డిసైడ్ అవ్వకండి. పని నడుస్తున్న సైట్ ఒకటి చూపించమనండి, దుమ్ముగా ఉన్నా పర్లేదు, అక్కడ ప్లైవుడ్ ఎలా పేర్చారు, వైర్లు ఎలా లాగారు, చెత్త ఎలా ఉంచారు అన్నదాంట్లోనే వాళ్ళ పని తెలిసిపోతుంది. తర్వాత కనీసం ఒక వానాకాలం దాటిన పాత కస్టమర్ ఒకరి నంబర్ అడగండి. హ్యాండోవర్ అయిన వారానికి అందరూ బాగుందనే అంటారు, ఏడాది తర్వాత ఫోన్ చేస్తే ఎత్తారా లేదా అన్నదే అడగాల్సింది. ఇంకా ముఖ్యమైనది, మీతో మాట్లాడే డిజైనర్ వేరు, పని చేసేవాళ్ళు వేరు, చాలాచోట్ల మధ్యలో సబ్ కాంట్రాక్టర్ ఉంటాడు. మీ సైట్‌కి సూపర్‌వైజర్ ఎవరు, ఆయన చేతిలో ఒకేసారి ఎన్ని సైట్లున్నాయి అని సంతకానికి ముందే అడగండి. మా సూపర్‌వైజర్‌కి ఒకేసారి కొంపల్లిలో ఒకటి, మణికొండలో ఒకటి, మాది, పాపం ట్రాఫిక్‌లోనే సగం రోజు పోయేది, మా దగ్గరికి వచ్చేసరికి చూడాల్సింది మూసేసి ఉండేది.

జీఎస్టీ నంబర్ తీసుకుని పోర్టల్‌లో కొట్టి చూడండి, 15 అక్షరాలు ఉంటుంది, తెలంగాణ రిజిస్ట్రేషన్ అయితే 36తో మొదలవుతుంది, కంపెనీ పేరు అదేనా, యాక్టివ్‌లో ఉందా కనబడుతుంది. ఇలాంటి పనుల మీద టాక్స్ 18 శాతం, అది కొటేషన్‌లో కలిపారా లేక చివర్లో పైన వేస్తారా అని అడిగి రాయించుకోండి, పది లక్షల పనికి అదొక్కటే లక్షా ఎనభై వేలు. బిల్లు లేకుండా చేస్తే ఆ టాక్స్ మిగులుతుంది కదా మేడం అని ఆశ పెడతారు, దయచేసి ఒప్పుకోకండి, రేపు గొడవ వస్తే మీ చేతిలో చూపించుకోవడానికి కాగితం ముక్క ఉండదు.

కొటేషన్ మీద ఒక ఆదివారం మొత్తం కూర్చోండి, నిజంగా. వార్డ్‌రోబ్ ఎస్ఎఫ్‌టీకి, అంటే చదరపు అడుగుకి, ఇంత అని రాస్తారు, ఏ కొలత అని అడగండి. 8 అడుగుల ఎత్తు 7 అడుగుల వెడల్పు ముందు వైపు మాత్రమే కొలిస్తే 56 ఎస్ఎఫ్‌టీ, అదే లోపలి అరలు, పక్కలు అన్నీ విప్పి కొలిస్తే దానికి ఎన్నో రెట్లు, రెండు కంపెనీల రేట్లు పోల్చేటప్పుడు కొలత ఒకటేనా అని చూడకపోతే తక్కువ అనుకున్నదే ఎక్కువవుతుంది. పైన లాఫ్ట్ అందులో ఉందా, సొరుగుల ఛానెల్స్, హ్యాండిల్స్, అద్దం కలిసాయా, పాత టైల్స్ పగలగొట్టడం, ఆ చెత్త మోయడం ఎవరి ఖర్చు, ఎలక్ట్రికల్ పాయింట్లు ఎన్ని దాకా, దాటితే పాయింట్‌కి ఎంత, ఇవన్నీ లైన్ లైన్‌గా విడగొట్టి రాయించుకోండి. యాజ్ పర్ సైట్ కండిషన్, స్టాండర్డ్ క్వాలిటీ, ఈక్వివలెంట్ బ్రాండ్ అన్న మాటలు ఎక్కడ కనబడినా అక్కడ పెన్నుతో గీసి పేరు, మందం, గ్రేడ్ రాయమనండి.

ప్లైవుడ్ సంగతి చూస్తే, వంటింట్లో సింక్ కింద, బాత్రూం గోడకి ఆనుకుని ఉండే వార్డ్‌రోబ్ లాంటి తడి తగిలే చోట ఐఎస్ 710, అదే మెరైన్ గ్రేడ్ అంటారే, అది పెట్టించుకోండి, మిగతా చోట్ల మామూలుగా వాడే ఐఎస్ 303 రకం సరిపోతుంది. షీట్ మీద ఐఎస్ఐ గుర్తు, దాని దగ్గర సీఎం/ఎల్ అని ఒక లైసెన్స్ నంబర్ ఉంటుంది, బీఐఎస్ కేర్ అని గవర్నమెంట్ యాప్ ఉంది, అందులో ఆ నంబర్ కొడితే ఏ కంపెనీదో వచ్చేస్తుంది, రెండు నిమిషాల పని. షీట్లు కోయక ముందే ఇది చేయాలి, ఎందుకంటే కోసి లామినేట్ అతికించాక లోపల ఉన్నది ప్లైవుడ్డా, లేక చెక్కపొట్టు నొక్కి చేసే ఎండీఎఫ్, పార్టికల్ బోర్డు లాంటిదా అన్నది మామూలు మనిషికి తెలీదు, నీళ్ళు తగిలి ఉబ్బినప్పుడు తెలుస్తుంది. ఫ్యాక్టరీలో చేసి తెచ్చే మాడ్యులర్ అయితే ఒక అర మూలన స్క్రూ విప్పించి అంచు చూడండి, ఏమీ అనుకోరు.

ఇక బాత్రూం. పాత టైల్స్ తీసేశాక గచ్చు శుభ్రం చేసి, పైపుల చుట్టూ సందులు పూడ్చి, వాటర్‌ప్రూఫింగ్ రెండు కోట్లు వేయాలి, నేల మీద ఒక్కటే కాదు, గోడ మీదకి కనీసం ఒక అడుగు ఎక్కాలి, షవర్ ఉన్న గోడకి ఇంకా పైదాకా. అది ఆరాక నాలీ దగ్గర గుడ్డలు కుక్కి నీళ్ళు నిలబెట్టాలి, 24 గంటలు తప్పనిసరి, 48 అయితే ఇంకా మంచిది. నీళ్ళు నిలబెట్టే ముందే కింది ఫ్లాట్ వాళ్ళకి చెప్పి వాళ్ళ సీలింగ్ ఫొటో తీసుకోండి, మర్నాడు మళ్ళీ వెళ్ళి చూడండి. రెండోసారి మేము ఇదంతా చేస్తే ఆంటీ టార్చ్‌లైట్ పట్టుకుని మాకంటే ముందు ఆవిడే చూసి ఫోన్ చేశారు, ఏం లేదమ్మా పొడిగా ఉంది అని. ఆ మాట విన్నాకే మేస్త్రీని టైల్స్ వేయమన్నా. కంపెనీవాళ్ళు షెడ్యూల్ రెండ్రోజులు లేటవుతుంది అంటారు, అవ్వనివ్వండి.

పైపులు కూడా అంతే, గోడలో గాడి కొట్టి పెట్టాక సిమెంట్ పూసేలోపు ప్రెషర్ టెస్ట్ చేయించాలి, ప్లంబర్ దగ్గర చిన్న చేతిపంపు, దానికి మీటర్ ఉంటుంది, ప్రెషర్ ఎక్కించి కొన్ని గంటలు వదిలేస్తే ముల్లు దిగకూడదు. వేడినీళ్ళ లైన్‌కి వేడి తట్టుకునే సీపీవీసీ పైపే వేశారా చూడండి. మనకి బోరు నీళ్ళు గట్టివి, ట్యాపులు, షవర్ తెల్లగా పట్టేస్తాయి, అందుకని గోడ లోపల దాగే డైవర్టర్ (నీళ్ళని ట్యాపుకో షవర్‌కో మళ్ళించేది) లాంటివి రేపు విప్పి క్లీన్ చేసుకునే వీలున్న మోడల్ తీసుకోండి, చూడ్డానికి బాగుంది కదా అని ఏదో ఒకటి కొనకండి.

వైరింగ్‌లో లైట్లకి 1.5, ప్లగ్గులకి 2.5, ఏసీకి గీజర్‌కి 4 ఎస్‌క్యూఎంఎం (చదరపు మిల్లీమీటర్లు, వైర్ మందం), ఇది మామూలుగా వేసే లెక్క, వైర్ మీద ప్రింట్ ఉంటుంది చదవండి. మెయిన్‌లో 30 మిల్లీయాంప్స్ ఆర్‌సీసీబీ, అంటే కరెంట్ లీకైతే వెంటనే సప్లై ఆపేసే స్విచ్, తప్పకుండా పెట్టించండి, తడి చేత్తో గీజర్ స్విచ్ ముట్టుకునేది మన పిల్లలే, మన పెద్దవాళ్ళే. కొనే ముందు ఒకసారి ఎలక్ట్రికల్ సామాను దొరికే ట్రూప్ బజార్ వెళ్ళి రేట్లు అడిగొస్తే కంపెనీ వేసిన ధర ఎంత ఎక్కువో తక్కువో తెలుస్తుంది, పైపులు ఫిట్టింగ్స్‌కి రాణిగంజ్.

గోడలు తీసేసి ఓపెన్ కిచెన్ అంటారు, బీమ్‌లు, కాలమ్‌లు ముట్టుకోకూడదు, స్లాబ్‌కి కొత్త రంధ్రాలు వద్దు. పాత ఇండిపెండెంట్ ఇళ్ళలో అయితే కాలమ్‌లే ఉండవు, గోడే స్లాబ్‌ని మోస్తుంది, అలాంటి చోట స్ట్రక్చరల్ ఇంజనీర్ రాసిచ్చేదాకా సుత్తి దెబ్బ కూడా పడనీయకండి, డిజైనర్ మాట చాలదు.

డబ్బులు పనికంటే ముందు పరిగెత్తకూడదు. మెటీరియల్ పంపాలంటే సగానికి పైన కట్టాలి అంటారు, బేరమాడండి, బుకింగ్‌కి పది శాతం, తర్వాత ఏది పూర్తయి మీరు చూశారో దానికి, అంటే నీళ్ళ టెస్ట్ అయ్యాక ఇంత, ప్లైవుడ్ సైట్‌లో దిగాక ఇంత, చివరి పది శాతం హ్యాండోవర్ అయిన నెల తర్వాత. ఒప్పుకోని కంపెనీలు ఉంటాయి, ఒప్పుకునేవీ ఉంటాయి, వాటికోసం వెతకండి. డబ్బు కంపెనీ అకౌంట్‌కే వేయండి, సూపర్‌వైజర్ సొంత ఫోన్‌పేకి ఎంత అర్జెంట్ అన్నా వద్దు. మధ్యలో ఏ మార్పు చెప్పినా, ఏదైనా ఎక్స్‌ట్రా అన్నా, రేటు వాట్సాప్‌లో రాసి మీరు ఓకే అన్నాకే పని.

పనిచేసేవాళ్ళ గురించి కూడా అడగండి, ఇది చాలామంది మర్చిపోతారు. బయట గోడకి వేలాడుతూ రంగు వేసేవాళ్ళకి బెల్ట్ ఉందా, ఎవరికైనా దెబ్బ తగిలితే వైద్యం ఖర్చు ఎవరిది, ఇన్సూరెన్స్ ఉందా అన్నది అగ్రిమెంట్‌లో ఉండాలి, బెల్ట్ లేకపోతే ఆ రోజు పని ఆపేయండి. అసోసియేషన్ రూల్స్, పని టైమింగ్స్, లిఫ్ట్ ఛార్జీలు ముందే కనుక్కోండి. పగలగొట్టిన చెత్త రాత్రిపూట నాలా పక్కన పారబోయిస్తే వానాకాలం అది మన కాలనీలోకే నీళ్ళు తెస్తుంది, జీడిమెట్ల, ఫతుల్లగూడలో కట్టడాల వ్యర్థాల ప్లాంట్లున్నాయి, అక్కడికే పంపాలని కంపెనీతో రాయించుకోండి.

ఎంత చేసినా గొడవ వస్తే ముందు అన్నీ రాసి మెయిల్ పెట్టండి, ఫోన్‌లో అరుచుకుంటే సాక్ష్యం ఉండదు. దానికీ పలక్కపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి చేయండి, ఆ తర్వాత జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు, సమస్య వచ్చిన రెండేళ్ళలోపు వేయాలి, మీరు కట్టింది 5 లక్షల లోపైతే ఫీజు కూడా ఉండదు. మేము అంతదాకా వెళ్ళలేదు, పగలగొట్టి మళ్ళీ వేయడానికి కూలీ వాళ్ళు పెట్టుకున్నారు, టైల్స్, వాటర్‌ప్రూఫింగ్ మేము పెట్టుకున్నాం, ఆంటీ వాళ్ళ సీలింగ్ మేమే బాగు చేయించి ఇచ్చాం.

ఇంకొక్కటి, మూసేలోపు ప్రతి గోడకీ ఫొటో తీయండి, పక్కన కొలత టేపు ఆనించి, నేల నుంచి ఎంత ఎత్తులో పైపు ఉందో అంకె కనబడేలా. గది పేరు పెట్టి ఫోన్‌లో ఒక ఫోల్డర్‌లో దాచండి, ఇంట్లో ఇంకొకరికి కూడా పంపండి. మొన్న మా బాత్రూంలో టవల్ రాడ్ బిగించడానికి వచ్చినబ్బాయి డ్రిల్లింగ్ మెషీన్ గోడకి ఆనించాడు, ఆగు బాబూ అని ఫొటో తీసి చూపిస్తే సరిగ్గా అక్కడే వేడినీళ్ళ పైపు పోతోంది, నాలుగు వేళ్ళు పక్కకి జరిపి కొట్టాడు.