జర్నలిస్టు సమాచార మంత్రి అయితే ఆయన ప్రొఫైల్ ఎట్లా రాయాలె

నల్లగొండ దిక్కు కొత్తగా రిపోర్టింగ్‌ల చేరిన పిల్లలకు ఒక ప్రొఫైల్ రాయమంటే ఏం చేస్తున్నరంటే, ఏ సంవత్సరం ఏ పదవి అని వరుసగా పెట్టి డెస్కుకు పంపుతున్నరు, అది బయోడేటా అయితది గని ప్రొఫైల్ కాదు తమ్ముడూ.

ఆఫ్రికాల గాంబియా ఉంది కదా, అక్కడి డెంబా జావో సంగతి తీస్కో. పత్రికల్ల పనిచేసిండు, గాంబియా ప్రెస్ యూనియన్ అధ్యక్షుడిగ చేసిండు, 2017ల రాష్ట్రపతి ఆడమా బారో సర్కారుల సమాచార మంత్రి అయిండు. ముందుగాల ఆయన మంత్రి కాకముందు అక్కడ పేపరోళ్ళ బతుకు ఎట్లుండెనో రాయాలె. 2004 డిసెంబర్ల పత్రికల మీద కఠినమైన చట్టాలు పాస్ చేసిన్రు, కొద్దిరోజులకే, 16వ తారీఖు రాత్రి, ‘ది పాయింట్’ పత్రిక ఎడిటర్ డేదా హైదరాను కాల్చి చంపిన్రు. ఇది రాయకుంటే జావో ఆ కుర్సీల కూసునుడు ఎంత పెద్ద ముచ్చటనో చదివేటోళ్ళకు తెల్వదు.

ఇంక అసలు జాగ్రత్త ఇక్కడ. 2018 ఫిబ్రవరిల ఎకోవాస్ కోర్టు, అంటే పశ్చిమ ఆఫ్రికా దేశాల కూటమి కోర్టు, ఆ దేశపు ప్రెస్ చట్టాలు భావప్రకటన హక్కుకు విరుద్ధమన్నది, మే నెలల అక్కడి సుప్రీంకోర్టు క్రిమినల్ పరువునష్టం చట్టం చెల్లదన్నది. రెండూ జావో మంత్రిగ ఉన్నప్పుడే అయినయి, అయినా అవి కోర్టులు చేసిన పనులు, మంత్రి ఖాతాల ఎయ్యొద్దు. నేను ఒకసారి మన జిల్లా నాయకుని మీద రాస్తూ ఇట్లనే కోర్టు తీర్పును ఆయన ఘనత అని రాసిన, తెల్లారి ఒక వకీలు సాబ్ ఫోన్ చేసి చెప్తే గని తెల్వలే, ఇప్పటికీ బాధనిపిస్తది. మంత్రి ఏ బిల్లు పెట్టిండు, సర్కారు టీవీల ప్రతిపక్షానికి టైమ్ ఇప్పించిండా, అవి వేరే కాగితం మీద రాసుకో.

2018 నడుమ జావోను తీసేసి ఎబ్రిమా సిల్లాను పెట్టిన్రు, ఆయన కూడా జర్నలిస్టే. టాంజానియా బెంజమిన్ ఎంకాపా అయితే ఎడిటర్ నుంచి 1980ల సమాచార మంత్రి, 1995ల రాష్ట్రపతి దాకా పోయిండు.

మనోళ్ళకు దగ్గరగ చెప్పాల్నంటే పాలమూరు సురవరం ప్రతాపరెడ్డిని యాది చెయ్యొచ్చు, 1926ల గోలకొండ పత్రిక పెట్టి 1952ల వనపర్తి ఎమ్మెల్యే అయిండు, గని మంత్రి కాలే, ఆ తేడా గూడ రాయి. ఆఖరుకు నువ్వు ఎవరి ప్రొఫైల్ రాస్తున్నవో ఆ మంత్రి ఎడిటర్‌గ రాసిన పాత సంపాదకీయం ఒకటి దొరకబట్టి, మంత్రిగ ఇచ్చిన స్టేట్‌మెంట్ పక్కన పెట్టి రెండూ చదువు, నీ లీడ్, అంటే మొదలు పెట్టే వాక్యం, అక్కడ దొరుకుతది.